చారి మిస్త్రీ గోడ

ప్రసన్నకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. అటువంటి మనిషికి దొరికిన పని మాత్రం సూరత్ రింగ్ రోడ్డులో, ఒక బట్టల మార్కెట్ నాలుగో అంతస్తులో, రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని చీరల అంచులకు డిజైన్లు గీయడం. కిటికీ లేని గది. సాయంత్రం షేర్ ఆటోలో వచ్చి బమ్రోలిలో దిగేసరికి మోకాళ్ల కింద చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఇంటికి పోతే ఒకటే గది. అందులో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు.

ఆమె భర్త శివకృష్ణది పాండేసర దగ్గర ఒక షెడ్డులో పగటి డ్యూటీ. ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అనే అంటారు. వాటి మధ్య పన్నెండు గంటలు తిరిగి తిరిగి ఏడున్నరకు ఇల్లు చేరి మంచం మీద వాలిపోయేవాడు. తనకేమో కూర్చోవాలని ఉంటుంది, పెళ్లానికేమో నడవాలని ఉంటుంది, ఇద్దరి పనులూ మార్చుకుంటే బాగుండునని నవ్వేవాడు. నడకకు తోడు రమ్మంటే మాత్రం నిద్ర నటించేవాడు.

ఒంటరిగా నడవడం తేలిక కాదు. నడుస్తున్నంతసేపు ఎవరూ ఏమీ అనరు. మలుపులో ఊపిరి తీసుకోవడానికి రెండు నిమిషాలు ఆగితే మూడో నిమిషంలో ఎవడో ఒకడు బండి నెమ్మది చేస్తాడు. గడపల్లో కూర్చున్న ఆడవాళ్ల పక్కన నిలబడితే, పెళ్లయి ఐదేళ్లయింది కదా, ఇంకా విశేషం లేదా అని మొదలుపెడతారు. అందుకని ఆమె ఎక్కడా ఆగకుండా, ఏదో పని ఉన్నట్టు, గబగబా నడిచేది.

ఆ రోజుల్లోనే మార్కెట్లో పక్క సీటు పిల్ల ఆమె ఫోనులో ఖోజ్ అనే ఆట వేసి ఇచ్చింది. కూర్చుని ఆడేది కాదు, నడుస్తూ ఆడేది. ఫోనులో మన వీధుల పటమే కనిపిస్తుంది. అందులో అక్కడక్కడ నీలం రంగు దీపాలుంటాయి. వాటిని స్టాప్‌లంటారు. ప్రతి స్టాపూ నిజంగా ఉన్న ఒక చోటు. ఒక విగ్రహమో, పాత బావో, పార్కు గేటో. దాని దగ్గరికి నడిచివెళ్లి తాకితే పాయింట్లు వస్తాయి. ప్రసన్నకు పాయింట్ల కంటే నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. స్టాప్ దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఫోన్లు పట్టుకుని నిలబడే ఉంటారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉంటారు. అక్కడ నిలబడితే ఎందుకు నిలబడ్డావని ఎవరూ చూడరు.

రింగ్ రోడ్డు నిండా అడుగుకొక దీపం. బమ్రోలికి వస్తే పటమంతా రంగు వేయని బట్టలా బోసిగా ఉండేది. అన్నిటికంటే దగ్గరి స్టాపుకు పోవాలన్నా పాండేసర రోడ్డు దాటాలి. అద్దకం మిల్లుల లారీలు అక్కడ ఆగవు, ఆగనివ్వవు.

కొంత ఆడాక, కొత్త స్టాప్‌లను ఆడేవాళ్లే సూచించవచ్చని తెలిసింది. ప్రసన్న షేర్ ఆటోలో కూర్చుని ఆ నియమాలన్నీ హిందీలో చదివింది. చూడదగ్గదైనా కావాలి, నలుగురు కలిసేదైనా కావాలి, వ్యాయామానికి పనికొచ్చేదైనా కావాలి. ఇవాళ ఉండి రేపు పోయేది కాకూడదు. కాలినడకన ప్రమాదం లేకుండా చేరగలగాలి. బడి, ఆసుపత్రి, ఫైర్ స్టేషన్ వద్దు. ఫొటో సొంతంగా తీయాలి, అందులో మనుషుల ముఖాలు కనబడకూడదు. రాసిన ప్రతి మాటా నిజమై ఉండాలి. పంపిన దాన్ని వేరే ఊళ్లలో ఆడేవాళ్లు చూసి ఓట్లు వేస్తారు.

ఆమె మొదట గల్లీ మొదట్లోని చాయ్ దుకాణం పంపింది. మామూలు దుకాణం, ప్రత్యేకత లేదని తిప్పి పంపారు. తరువాత వంద సాంచాల షెడ్డు ఇనుప గేటు పంపింది. ప్రైవేటు కర్మాగారం, లారీలు తిరిగే చోటు అన్నారు. మూడోసారి, ఇంగ్లీషు అక్షరాలన్నీ బొమ్మలుగా వేసిన బడి గోడ పంపింది. బడి అన్న మాట చూసి అదీ కాదన్నారు. ఒక్కో జవాబుకూ నెల, నెలన్నర పట్టేది. ఈ ఎదురుచూపులో ప్రసన్న రోజుకు పదిసార్లు ఫోను తెరిచి చూసుకునేది. అన్నం తింటూ, నీళ్లు పడుతూ, డిజైన్ సగంలో ఆపి కూడా చూసుకునేది. మన గల్లీలో చూడదగ్గది ఏమీ లేదని ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఎవరో తేల్చేస్తుంటే ఆమెకు మెడ వెనక మండేది.

నిజానికి చూడదగ్గది ఒకటి ఉంది. అది ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

ఆమె గదికి ఆరిళ్ల అవతల బ్రహ్మచారి ఇల్లు. పేరు బ్రహ్మచారి గాని, భార్య సారక్క, నైట్ డ్యూటీ చేసే కొడుకు చిరంజీవి ఉన్న సంసారి. కరీంనగర్ వైపు నుంచి నలభై ఏళ్ల కింద వచ్చిన వడ్రంగి. సాంచాలకు కర్ర సామాను చేసేవాడు. గల్లీ అంతా చారి మిస్త్రీ అంటుంది. ఆయన ముఖ్యమైన పని నాడెలు చెక్కడం, విరిగినవి బాగుచేయడం. మగ్గంలో పేక దారాన్ని ఇటు నుంచి అటు మోసుకుపోయే, రెండు కొసలూ మొనదేలిన చెక్కముక్కే నాడె. ఇప్పుడు షెడ్లలోకి నాడె అక్కరలేని మిషన్లు వచ్చాయి. పాత నాడెలన్నీ బస్తాలకు బస్తాలు తూకానికి పోతుంటే మిస్త్రీ నాలుగు బస్తాలు అడిగి తెచ్చుకున్నాడు. రెండేళ్లు కూర్చుని తన ఇంటి ముందు గోడ మీద వాటితో ఒక నెమలిని నిలబెట్టాడు. మెడకు చిన్న నాడెలు, తోకకు పెద్దవి. ఒక్కో ఈక కొసన దారం చుట్టిన కండె. నీలం, ఆకుపచ్చ, పసుపు. పొద్దు వాలే వేళ ఎండ పడితే తోక కదిలినట్టు ఉండేది.

దాన్ని ఇంతకాలం పంపకపోవడానికి నియమాల్లో ఒక వాక్యమే కారణం. ఒక కుటుంబం నివసించే ఇంటికి చెందినది ఏదైనా, వీధిలోకి కనిపించినా సరే, పనికిరాదు.

బడి గోడ తిరిగివచ్చిన రోజు ప్రసన్న ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. చదివి, లేచి, నడుచుకుంటూ పోయి మిస్త్రీ గోడ ముందు నిలబడింది. తలుపు, కిటికీ, పక్కనున్న నీళ్ల కుళాయి ఏవీ రాకుండా నెమలి ఒక్కటే వచ్చేలా ఫొటో తీసింది. పటంలో గుర్తును ఇంటి మీద కాక గల్లీ నడుమ పెట్టింది. వివరం రాయమన్న చోట, గల్లీ ప్రజలంతా కలిసి ఉమ్మడి స్థలంలో నిలబెట్టుకున్న కళాకృతి అని రాసింది. మిస్త్రీని అడుగుదామని అనిపించకపోలేదు. అడిగితే ఆట గురించి మొదటి నుంచీ చెప్పాలి, ఒప్పుకుంటారో లేదో, అసలు ఓట్లు పడవుగా అనుకుని పంపేసింది.

ఓట్లు పడ్డాయి. హోలీ వెళ్లిన వారానికి ఫోను మోగింది. బోసి పటంలో, తన గల్లీలో, నీలం దీపం వెలిగింది. ఆ సాయంత్రం ప్రసన్న మిస్త్రీ గోడ ఎదురుగా పావుగంట నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి శివకృష్ణను లేపి మరీ చూపించింది. అతను ఒక కన్నుతో చూసి బాగుందన్నాడు.

మొదటివారం ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆ తరువాత ఉధ్నా నుంచి, ఇంకా దూరం నుంచి కాలేజీ పిల్లలు బండ్ల మీద రావడం మొదలైంది. ఆదివారం నాలుగు గంటలకు ఆటలో మేళా ఉంటుంది. ఒకే స్టాప్ దగ్గర అందరూ గుంపుగా చేరి ఆడాలి. ఆ వేళకు గల్లీలో ఇరవై బండ్లు నిలిచేవి. ఇదేమిటో గల్లీలో ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క చారి మిస్త్రీకి మాత్రం అర్థమైంది. తన నెమలి పేరు ఊరంతా పాకిందనుకున్నాడు. ఆదివారం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కుర్చీ బయట వేసుకునేవాడు. ఏ నాడె ఏ షెడ్డుదో తనకు వచ్చిన హిందీలో చెప్పేవాడు. పిల్లలు ఫోను మీద నుంచి చూపు తిప్పకుండానే అచ్ఛా అంకుల్ అనేవారు. అది చూసి ప్రసన్నకు సంతోషం వేసింది. తాను చేసింది తప్పే అయినా మంచే జరిగిందని మనసుకు చెప్పుకుంది.

ఏప్రిల్ చివర ఒక సాయంత్రం వచ్చేసరికి నెమలి కనిపించలేదు. గోడ మీద పాత దుప్పటి ఒకటి మేకులకు వేలాడుతోంది. తలుపుకూ కుళాయికీ అడ్డంగా ఒక పాత చీర కట్టి ఉంది. ప్రసన్న ఆగిపోయింది. లోపలి నుంచి చూసిన సారక్క ఆమెను పిలిచి, తన కోపమంతా ఎదుట పెట్టింది. కుళాయి గోడకు ఆనుకునే ఉంది. తాను బట్టలు ఉతికేది, తల కడుక్కునేది అక్కడే. ఎప్పుడు తల ఎత్తినా ఎవరో ఒకరు ఫోను తనవైపే పట్టుకుని ఉంటారు. నెమలిని తీస్తున్నారో తనను తీస్తున్నారో ఎట్లా తెలుస్తుంది? నెల రోజులుగా తాను పొద్దు పొడవకముందే లేచి అన్ని పనులూ ముగించుకుంటోంది. రాత్రంతా సాంచాల ముందు నిలబడి వచ్చిన కొడుకు పగలు నిద్రపోకుండా హారన్లు. ఈ మనిషికి చెబితే వినడు, పేరొచ్చింది అంటాడు. అందుకే కప్పేసింది. పొద్దున్నే దుప్పటి కప్పినా ఇవాళ కూడా పిల్లలు రావడం మానలేదు, అదే ఆమెకు వింత. వాళ్లకు నెమలితో పనిలేదు, వాళ్లు చూసేది ఫోనులోకేనని ప్రసన్న చెప్పలేకపోయింది.

ఆమె వెళ్లబోతుంటే మిస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. ఆ రోజు గడ్డం గీసుకోలేదు.

"నువ్వు కంపూటర్ల పని చేస్తవు గద బిడ్డా. జర ఇది సదివి చెప్పు," అని ఒక కాగితం ముక్క ఇచ్చాడు. ఎవరో పిల్లవాడిని అడిగి ఆటలో ఉన్నది ఉన్నట్టు హిందీలో రాయించుకున్నాడట. "నేను ఇన్నది నిజమేనా అని. గల్లీ వాళ్లంత కలిసి పెట్టిన్రు అని ఉన్నదా అండ్ల?"

ఉందని ప్రసన్న అంది.

"రెండేండ్లు. ఒక్క మేకు కూడ ఎవ్వడు అందియ్యలె నాకు. ఇది రాసినోడు ఎవడో నీ ఫోన్ల తెలుస్తదా?"

తెలియదని చెప్పింది. పంపినవాళ్ల పేరు ఆటలో బయటికి కనిపించదు, ఆ మాట నిజమే. మిస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

ఆ తరువాత మూడు రోజులు ప్రసన్న ఎక్కడా నిలవలేకపోయింది. మార్కెట్లో ఒక చీర అంచుకు వేసిన డిజైన్ తలకిందులుగా పంపి సేఠ్‌తో మాటలు పడింది. సాయంత్రాలు మిస్త్రీ ఇంటి వైపు కాకుండా వెనక గల్లీ గుండా తిరిగి ఇల్లు చేరేది. ఇంట్లో స్టవ్ నుంచి తలుపుకు, తలుపు నుంచి స్టవ్‌కు తిరిగేది. శివకృష్ణ మూడో రోజు లేచి కూర్చుని సంగతి ఏమిటని అడిగాడు. అంతా విన్నాడు.

"పోయి చెప్పు, లేకుంటె చెప్పకు," అన్నాడు. "ఈ రూముల మాత్రం గిట్ల తిరుగకు. నీ తోని నాకు గూడ కాళ్లు గుంజుతున్నయ్."

ఆదివారం మార్కెట్ సెలవు. మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక ప్రసన్న మిస్త్రీ ఇంటికి పోయింది. సారక్క చేటలో బియ్యం ఏరుతోంది. మిస్త్రీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిరంజీవి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా ప్రసన్న నిలబడే చెప్పింది.

"పెద్దబాపూ, అది రాసింది నేనే."

ఆట ఏమిటో, స్టాప్ ఏమిటో, తానెందుకు పంపిందో, ఇల్లని తెలిస్తే ఒప్పుకోరని గల్లీ వాళ్లదని ఎట్లా రాసిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. సారక్క చేతులు బియ్యంలో ఆగిపోయాయి.

"నన్ను ఒక్క మాట అడిగితె ఏం పొయ్యేది నీకు?" అంది సారక్క. అరవలేదు, కొడుకు నిద్రలో ఉన్నాడు. "రోజు గీ గల్లీ నుంచే పోతవు గద."

సారక్క ముఖం తిప్పుకుని మళ్లీ బియ్యం ఏరసాగింది. మిస్త్రీ ఒకటే అడిగాడు. ఆ రాతను మార్చి, బ్రహ్మచారి అనే వడ్రంగి తన ఇంటి గోడకు చేసుకున్నది అని పెట్టవచ్చు కదా. పిల్లలు వస్తే రానీ, తాను వాళ్లకు చెప్పుకుంటాడు, సారక్క కుళాయికి అడ్డంగా రేకు కట్టిస్తాడు.

సారక్క చేట కింద పెట్టింది. రేకు కడితే హారన్లు ఆగుతాయా అంది. ఇల్లంటే ఇల్లులా ఉండాలి గాని బస్ స్టాండులా కాదంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా మాటకు మాట అనుకున్నారు. నడుమ ప్రసన్న నిలబడి ఉంది, తాను తెచ్చిన తగవు తన ఎదుటే.

"మారుస్తా పెద్దబాపూ," అంది. "గని మీ ఇల్లు అని రాస్తే వాళ్లు తీసేస్తరు. ఉండాలంటె అబద్ధమే రాయాలె. నిజం రాస్తె ఉండది."

మిస్త్రీ ఆ మాట విని లేచాడు. బయటికి పోయి దుప్పటి ఒక కొస ఎత్తి నెమలిని చూశాడు. వెనక్కి వచ్చాడు.

"తీసెయ్యమను," అన్నాడు. "నా పేరు లేనిది నాకొద్దు."

ప్రసన్న అక్కడే, వాళ్ల ఎదుటే ఫోను తెరిచి, స్టాప్ తీసేయమని కోరే ఫారం నింపింది. కారణం దగ్గర, కుటుంబం నివసించే ఇల్లు అన్నది ఎంచుకుంది. కింద ఖాళీలో, దీన్ని పంపింది నేనే, తెలిసే తప్పు రాశాను అని కలిపింది. అది రాయమని ఎవరూ అడగలేదు. పంపాక టైం చూసుకుంది. మూడు ముప్పావు. నాలుగింటికి మేళా.

ఆమె పరుగులాంటి నడకతో గల్లీ మొదటికి పోయి నిలబడింది. బండ్లు రావడం మొదలైంది. ప్రతి బండినీ చేయి అడ్డం పెట్టి ఆపి ఒకే మాట చెప్పింది. ఇది స్టాప్ కాదు, ఒకరి ఇల్లు, లోపల మనిషి నిద్రపోతున్నాడు, వెనక్కి పొండి. కొందరు వెంటనే తిప్పుకున్నారు. కొందరు ఫోను చూపించి, ఇదిగో ఉంది కదా అన్నారు. ఒక కాలేజీ కుర్రవాడు, ఇంత దూరం పెట్రోలు పోసుకుని వచ్చాం, నువ్వెవరు చెప్పడానికి అన్నాడు.

"మైనే హీ డాలా థా," అంది ప్రసన్న. "ఝూఠ్ లిఖ్ కే డాలా థా." పెట్టింది తానే, అబద్ధం రాసి పెట్టింది.

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. నీలాంటి వాళ్ల వల్లే ఆట పాడవుతోందని గుజరాతీలో విసుక్కుని బండి తిప్పాడు. ఆరు దాటేదాకా ఆమె ఆ మలుపులోనే ఉంది. బండ్లు నెమ్మదించాయి, గడపల్లోంచి చూశారు, చాయ్ దుకాణం దగ్గర నవ్వుకున్నారు. ఆమెకు పట్టలేదు.

ఐదో రోజు జవాబు వచ్చింది. స్టాప్ తీసేశారు. నిజం కానిది రాసినందుకు మూడు నెలల దాకా ఆమె కొత్తవి పంపడానికి వీల్లేదన్నారు. పటం మళ్లీ బోసిపోయింది. సారక్క దుప్పటి తీసి ఉతికి ఆరేసింది. మిస్త్రీ మాత్రం ప్రసన్న ఎదురైతే పలకరించలేదు. ఆమె కూడా పలకరింపు కోరే మొహం లేక తల వంచుకుని పోయేది. ఆదివారాలు ఆయన కుర్చీ బయటికి రాలేదు.

జూన్‌లో, వాన ఇంకా దిగకముందు, పద్మశాలి సమాజం పెద్ద లింగమూర్తి మిస్త్రీ ఇంటికి వచ్చాడు. పెద్ద రోడ్డు మలుపులో సమాజం వాళ్లు దాహం వేసినవాళ్లకు నీళ్లిచ్చే పరబ్ ఒకటి కట్టిస్తున్నారు. సిమెంటు పని అయిపోయింది. నాలుగు కుళాయిలు, పైన రేకు, వెనక నిలువెత్తు గోడ. మొన్న నెమలి కోసం అంతమంది వచ్చారు కదా, ఆ నెమలిని విప్పి అక్కడ పెడితే ఎట్లా ఉంటుందని ఆయన అడిగాడు. మిస్త్రీ కుదరదన్నాడు. అది తన ఇంటిదట, కదలదట. లింగమూర్తి చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఈ సంగతి ప్రసన్నకు శివకృష్ణ ద్వారా తెలిసింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు, ఎక్కడికీ పోలేదు. అట్లా ఊరికే ఉండడానికి ఆమెకు చాలా కష్టమైంది.

వారం తరువాత మిస్త్రీయే ఆమె గది ముందుకు వచ్చాడు. చేతిలో టేపు ఉంది. పరబ్ గోడ కొలుచుకుని వస్తున్నాడట. నెమలి కాదు, నీళ్ల దగ్గర చేపలుంటేనే బాగుంటుంది, నాడె ఎట్లాగూ చేప ఆకారమే అన్నాడు. ఇంకా ఒకటిన్నర బస్తా మిగిలి ఉంది.

"రంగులు ఏది పక్కన ఏది ఉండాలెనో నీకు ఎరుక గద," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఆదివారం ఖాళీ ఉంటె రా."

ఆ వానాకాలం ఆదివారాలన్నీ దానికే పోయాయి. ప్రసన్న కండెలకు రంగు దారాలు ఎంచి చుట్టేది. మిస్త్రీ ఒక్కో నాడెకూ మూడుసార్లు ఉప్పు కాగితం పట్టి, వార్నీషు వేసి, ఆరాక మళ్లీ చూసి, నచ్చకపోతే పక్కన పెట్టేవాడు. ఆయన నిదానానికి ప్రసన్న పళ్లు కొరుక్కునేది. ఇవాళ పదిహేను చేపలైనా ఎక్కుతాయనుకుని వస్తే ఎనిమిదో తొమ్మిదో ఎక్కేవి. తొందర పెడితే ఆయన పని ఆపి బీడీ వెలిగించేవాడు. అందుకని నోరు మూసుకుని, పరబ్ చుట్టూ తిరిగి వచ్చేది. గణపతి నిమజ్జనం అయ్యాక గోడ పూర్తయింది. నూట పద్నాలుగు చేపలు, అన్నీ ఒకే వైపు ఈదుతూ. కింద మూలన ఉలితో తన పేరు తెలుగులోనూ గుజరాతీలోనూ చెక్కుకున్నాడు.

అప్పటికి మూడు నెలల శిక్ష ముగిసింది. ప్రసన్న రాత రాసుకుని ముందుగా మిస్త్రీ ఇంటికి పోయి చదివి వినిపించింది. సమాజం కట్టించిన పరబ్, అందరికీ తెరిచి ఉంటుంది, పాత నాడెలతో చేపలు చేసినవాడు బ్రహ్మచారి. దారాలు చుట్టింది ఎవరో రాయలేదేమని మిస్త్రీ అడిగాడు. పంపేవాళ్లు తమ పేరు రాసుకోకూడదని నియమం ఉందని ఆమె చెప్పింది. ఆయనకు అది నచ్చలేదు. సారక్క ఫొటోను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మన ఇల్లు ఏడనన్న కానొస్తదా ఇండ్ల?"

"కానరాదు పెద్దమ్మా. ఇది రోడ్డు మీద ఉన్నది."

"అట్లయితె పంపు."

ఈసారి ఓట్లకు నెల కూడా పట్టలేదు. దసరా ముందు ఒక పొద్దున్న, ఆటోలో ఉండగా, ఒప్పుకున్నట్టు కబురు వచ్చింది. సాయంత్రం మలుపులో దిగేసరికి పరబ్ దగ్గర ఆమె ఎరగని ఒక ఆడపిల్ల ఫోను పట్టుకుని నిలబడి ఉంది. షెడ్డు నుంచి వస్తున్నవాళ్లు నీళ్లు తాగి మూతి తుడుచుకుంటున్నారు. మిస్త్రీ నిచ్చెన ఎక్కి ఉన్నాడు. పై వరసలో ఒక చేప వదులైందట, గట్టిగా బిగించకపోతే ఊడి ఎవరి నెత్తిన పడుతుందో అంటున్నాడు. ప్రసన్న ఆయనకు కబురు చెప్పింది. ఆయన మేకులు నోట పట్టుకుని తల ఊపాడు, తరువాత వాటిని చేతిలోకి తీసుకున్నాడు.

"నిచ్చెన పట్టుకో బిడ్డా," అన్నాడు. "కదలకుండ."

ఆమె సంచీ కింద పెట్టి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.